చెరువుగట్టున సెలవుదినము

సెలవులు సమీపింపగానే కలిగినవారు పడవయిండ్లలో విహరింపగోరి కాశ్మీరమునకో, కేరళమునకో పయనమగుచుందురు. కేరళమునందలి వేంబనాడు సరస్సుపై తిరుగు పడవయిండ్లు పూర్వము వడ్లు మొదలగు సరకులను మోసిన పడవలనుండి పుట్టినవే. వానిని కెట్టువళ్ళము లందురు. ఇనుపమేకులు లేకుండ, పలకలను కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టి వానిని నిర్మించెడివారు. అట్టి పడవలో కూర్చున్నవారికి పక్షులు చాల దగ్గరగా కనబడును. మనుష్యుడు నడచివచ్చుట చూచి బెదరు పక్షి, మెల్లగా జారిపోవు పడవను అంతగా లెక్కింపదు. పడవయింటి రహస్య మింతియే: కదలిక తక్కువ, సద్దు తక్కువ, ఓపిక యెక్కువ.

ఈ మూడును ధనముతో కొనవలసినవి కావు. భివండిలో కామత్‌ఘర్ నందు, వరాలాదేవి ఆలయము చెంతనున్న వరాలా తలావ్ గట్టున ఊరక కూర్చుండినను ఇవి లభించును. అది వేంబనాడువంటి మహాసరస్సు కాదు. అయినను నీటిపక్షులు బ్రతుకు విధము పెద్ద సరస్సునందును, చిన్న చెరువునందును ఒక్కటియే. దానిని తెలిసికొన్న బాలునకు మన తలావే ఒక పాఠశాల.

మొదట తెలిసికొనవలసినది లోతు. నడినీటిలో ఈదుచు మునుగునది నీరుకాకి. దాని యీకలు నీటిని పీల్చుకొని బరువెక్కుటచే అది సులభముగా మునిగి చేపను పట్టగలదు. పిదప రాతిపైనో, మోడుపైనో నిలిచి, రెక్కలు చాచి ఆరబెట్టుకొనును. బుడబుంగ కాళ్ళు దేహమునకు చాల వెనుకగా నుండును. అందుచే అది నేలపై తడబడునుగాని నీటిలో బాణమువలె దూసుకొనిపోవును. నీటిపై తేలు ఆకులమీద నడచునది జకానా. పొడవైన వ్రేళ్ళు దాని బరువును ఆకంతటను పంచుటచే ఆకు మునుగదు. మరాఠీలో దానిని కమళపక్షి యందురు. గ్రుడ్లను పొదుగు పని దాని జాతిలో మగపక్షిదే.

ఇక అంచునకు వత్తము. మోకాలిలోతు నీటిలో కదలక నిలుచునది గుడ్డికొంగ. మనము సమీపించువరకు కదలకుండుటచే దానికి కన్నులు లేవనుకొని ఆ పేరు పెట్టియుందురు. మట్టిరంగున నుండు ఆ పక్షి ఎగిరిన క్షణమున తెల్లని రెక్కలు కనబడి మనలను ఆశ్చర్యపరచును. లకుముకిపిట్ట కొమ్మపైనుండి నీటిలోనికి దూకి చేపను పట్టును. గూటికొరకు మాత్రము మట్టిగట్టున సొరంగము త్రవ్వుకొనును. వానకాలమున నీటిపైకి వంగిన కొమ్మలకు గిజిగాడు గూళ్ళు వ్రేలాడదీయును. గడ్డిపోచలను పడుగుపేకలవలె అల్లు ఈ పక్షిని గూర్చి, ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ 1930లో అలీబాగ్ చెంత కిహీం గ్రామమున పరిశీలనలు జరిపెను. మగపక్షి గూటిని సగము అల్లి నిలుపుననియు, ఆడపక్షి వచ్చి పరీక్షించి మెచ్చినచో మిగిలిన భాగము పూర్తియగుననియు ఆయన వివరించెను. సాంచాల చప్పుడు నడుమ పెరుగు మన బాలురకు ఈ నేతగాని పరిచయము తప్పక యుండవలెను.

దీనివలన తేలినదేమి? ఎక్కువ పక్షులకు అన్నము పెట్టునది నడినీరు కాదు, పలుచని అంచు. ఎండ అడుగువరకు సోకుటచే అచట నాచు, గడ్డి పెరుగును; వానిలో పురుగులు, చేపపిల్లలు పెరుగును. తెలంగాణ పల్లెలలో నీరు తీసినప్పుడు బయల్పడు చెరువు లోతట్టు భూమిని శిఖం అందురు. ఆ మాట మన పెద్దలకు బాగుగా తెలియును. శిఖము పోయిన చెరువు తొట్టితో సమానము.

కొల్లేరు ఇందుకు సాక్ష్యము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఆ సరస్సు గూడబాతులకు ప్రసిద్ధి. 1999లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రామ్‌సర్ ఒడంబడిక జాబితాకెక్కెను. కాని చేపల పెంపకమునకై అప్పటికే లోపల ఎత్తైన కట్టలు వేయబడెను. లోతైన చేపలచెరువున పొట్టికాళ్ళ పక్షికి నిలుచు చోటు లేదు. 2006లో ప్రభుత్వము అనేకములైన కట్టలను తొలగింపవలసివచ్చెను. చేపలపై బ్రతుకు కుటుంబములకు అది కష్టము తెచ్చినమాటయు సత్యమే. అంచును పోగొట్టుట తేలిక. తిరిగి తెచ్చుట అందరికిని భారము.

మన తలావ్‌కును ఇట్టి చిక్కులు కలవు. దాని నీరు పట్టణమున కొంతభాగమునకు త్రాగునీరు. అందులోనే వినాయక నిమజ్జనములును జరుగును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహము మట్టివలె కరగక అడుగున నిలిచిపోవును. దాని రంగులు నీటిలో కలియును. అందుచే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జన నియమములు వెలువరించి, 2020లో వానిని సవరించెను. మన బతుకమ్మ పూలు మట్టిలో పుట్టినవేయైనను, రాశులుగా ఒకేచోట కుళ్ళినచో నీటిలోని ప్రాణవాయువును హరించును. రాత్రులందు నీటిమొక్కలును ప్రాణవాయువును వాడుకొనుటచే తెల్లవారుజామున అది మిక్కిలి తగ్గును. అప్పుడు చేపలు పైకివచ్చి నోళ్ళు తెరచుట చూడవచ్చును. కావున మట్టి వినాయకుని పూజించుటయు, మరునాడు పూలను తీసి ఎరువు చేయుటయు భక్తికి లోపము కాదు.

విద్యార్థులారా! ఒక ఆదివారము ఉదయమున పెద్దలతో గట్టునకు పొండు. నీటిలో దిగకుడు, రాళ్ళు రువ్వకుడు, ఒక గంట మౌనముగా కూర్చుండుడు. తేదీ, వేళ, పక్షి నిలిచిన లోతు, అది చేసిన పని ఒక పుస్తకమున వ్రాయుడు. పేరును మాత్రము రెండు భాషలలో వ్రాయుడు. తెలుగు పేరు ఇంట అవ్వను, తాతను అడుగుడు. మరాఠీ పేరు తోడి విద్యార్థిని అడుగుడు. మనము నీరుకాకి యన్నదానిని మరాఠీవారు పాణ్‌కావళా యందురు. అనగా అదియు నీటికాకియే. ఆంగ్లేయుల కార్మొరెంట్ అను మాటకును మూలము లాటినులో సముద్రపుకాకి యని యర్థము. ఎక్కడెక్కడి జనులో ఒక పక్షిని చూచి ఒక్కరీతినే తలచిరి.

తల్లిదండ్రులకు ఒక మనవి. రాత్రి పాళీ ముగిసిన అలసటలో బిడ్డతో గట్టునకు పోవుట కష్టమే. కాని మీ ఊరి చెరువున మీరు చూచిన పక్షుల పేర్లు బడిపుస్తకములలో దొరకవు. మీరు చెప్పనిచో అవి మీతోనే నిలిచిపోవును. నెలకొక్క ఉదయము చాలును. ఏటేట ఆ పుస్తకము నిండినకొలది, ఏ పక్షి వచ్చినది, ఏది రాక మానినది, తలావ్ అంచు ఎంత మిగిలినది, మన బిడ్డలే తేదీలతో చెప్పగలరు.