కొయ్య సామాను పాలిష్‌పై మచ్చలు: గుర్తింపు, మరమ్మతు

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పాత ఇళ్లలో టేకు బల్లలు, కుర్చీలు కనిపించడం మామూలే. మీ ఇంట్లోనూ ఉండవచ్చు. వేడి చాయ్ గ్లాసు పెట్టినచోట తెల్లని వలయం పడగానే చాలామంది ఉప్పు కాగితం అందుకుంటారు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. చిన్న మచ్చ పోయి, జానెడు వెలిసిన మచ్చ మిగిలింది. కాబట్టి ముందు మచ్చ ఎక్కడ ఉందో తెలుసుకుందాం.

మచ్చ పొరలోనా, కొయ్యలోనా?

పాత సామానుకు తరచుగా వేసేది లక్క పాలిష్. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై లక్క పురుగులు స్రవించే పదార్థాన్ని శుద్ధి చేసి, స్పిరిట్‌లో కరిగించి, గుడ్డతో పలుచని పొరలుగా పూస్తారు. ఈ పొరలో తేమ చిక్కుకుంటే అది వెలుతురును చెదరగొడుతుంది. అందుకే మచ్చ తెల్లగా కనిపిస్తుంది. పొగమంచు తెల్లదనానికీ కారణం ఇదే. అంటే కొయ్యకు ఏమీ కాలేదు. నల్లమచ్చ అలా కాదు. నీరు పొర దాటి కొయ్యను చేరింది. తడిసిన ఇనుము కొయ్యలోని టానిన్లతో కలిసినా ఇలాగే నల్లబడుతుంది.

పరీక్ష

బల్ల అడుగున, కనబడనిచోట స్పిరిట్‌లో తడిపిన దూదిని ఒక నిమిషం ఆనించండి. పొర జిగటగా మారితే అది లక్క. మారకపోతే మెలమైన్, పాలీయురెథేన్ వంటి కొత్తరకం పూత కావచ్చు. కింది రెండో పద్ధతి దానికి పనికిరాదు. నిర్మల్ చిత్రకారులు రంగులు వేసిన సామానుపై ఈ పరీక్ష చేయవద్దు.

మరమ్మతు

1. తెల్లమచ్చను ఒకటి రెండు రోజులు గాలికి ఆరనివ్వండి. కొన్ని దానంతటవే పోతాయి.
2. పోకపోతే నూలుగుడ్డను స్పిరిట్‌తో తడిపి, దాదాపు పొడిగా అనిపించేలా పిండండి. మచ్చ మీదుగా ఒక్కసారి తేలికగా తుడిచి వెంటనే ఎత్తండి. ఆరాక మళ్లీ చేయండి. చేతిని ఒకేచోట ఆపితే పొర లేచిపోతుంది.
3. సన్నని గీతలకు తేనెమైనం పట్టించి, మెత్తని గుడ్డతో మెరుగుపెట్టండి.
4. నల్లమచ్చను అనుభవమున్న వడ్రంగికి చూపండి.

స్పిరిట్ విషం, త్వరగా అంటుకుంటుంది. పొయ్యికి, దీపానికి దూరంగా, కిటికీలు తెరిచి పనిచేయండి. ముసురు రోజున ఈ పని పెట్టుకోవద్దు. గాలిలోని తేమ వల్ల పొర మళ్లీ తెల్లబారుతుంది.

పూత పోతే మళ్లీ వేసుకోవచ్చు. గీకేసిన కొయ్య మాత్రం తిరిగి రాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: తెల్లమచ్చకు, నల్లమచ్చకు ఒకే చికిత్స ఎందుకు పనికిరాదు?