నమ్మకం అక్కరలేని మార్పిడి

పలాస జీడిపప్పును పొందూరు ఖద్దరుతో మార్చుకోదలచిన ఇద్దరు అపరిచితులలో ముందుగా సరుకు ఇచ్చేదెవరు? రెండు బ్లాక్‌చెయిన్‌ల మధ్య డిజిటల్ ఆస్తుల మార్పిడిలోనూ ఇదే చిక్కు కలదు. బ్లాక్‌చెయిన్ అనగా అనేక కంప్యూటర్లు ఉమ్మడిగా వ్రాసుకొనే చిట్టా. ఒక చిట్టాకు మరొకటి కనబడదు.

మధ్యవర్తిని నమ్మినా ముప్పు తప్పదు. 2022 మార్చిలో, రెండు చిట్టాలను కలిపే ‘రోనిన్’ వంతెనకు గల 9 రహస్య తాళపుచెవులలో 5 దొంగల చేజిక్కగా, 1,73,600 ఈథర్ నాణేలు అపహరణకు గురైనాయి.

2013లో టియర్ నోలన్ వివరించిన ‘అటామిక్ స్వాప్’ పద్ధతికి మధ్యవర్తి అక్కరలేదు. ఇరువురూ తమ ఆస్తులను ఒకే రహస్య సంకేతంతో తెరుచుకొనే తాళాలలో ఉంచుతారు. సంకేతం ఎరిగినవాడు ఎదుటివాని ఆస్తిని తీసుకొనగానే, ఆ సంకేతం బయటపడి రెండవవానికీ తన వంతు దక్కుతుంది. ఎవరూ తెరువకపోతే గడువు తీరాక ఎవరి సొత్తు వారికే చేరుతుంది. అయితే సంకేతం బయటపడిన పిదప గడువు మరచినవానికి నష్టం తప్పదు.