పదో వంతు వోల్టు

ఇంటర్ సెకండియర్‌కి కెపాసిటర్ల పాఠం ముగిస్తుంటే వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "మేస్టారూ, మా అన్న కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డుకి వోల్టేజీ తగ్గించేసాడండి. తగ్గించాక గేమ్ ఇంకా స్పీడుగా ఆడతందండి. ఇదేటండీ?" క్లాసంతా గొల్లున నవ్వింది. వోల్టేజీ పడిపోతే ఫ్యాను నెమ్మదిస్తుంది, మోటారు మూలుగుతుంది. మా విజయనగరం జిల్లాలో ఆ సంగతి తెలియని పిల్లాడెవడు? కానీ కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. పైగా జవాబు బోర్డు మీదే ఉంది, ఇంకా చెరపలేదు.

అన్నగారి కార్డు ఆర్‌ఎక్స్ 480 అట. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఆ కార్డంటే నాకూ కాస్త పక్షపాతం ఉంది. 2016 జూన్ 29న ఏఎండీ దాన్ని 199 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అప్పుడు ఆ సంస్థలో గ్రాఫిక్స్ విభాగానికి పెద్ద మన రాజా కోడూరి. మా పక్కనే విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చేసినవాడు. ఎన్విడియా అప్పటికే 600 డాలర్ల జీటీఎక్స్ 1080తో ఊరేగుతోంది. కోడూరి బృందం తైపీ కంప్యూటెక్స్ వేదిక మీద రెండు 480లను జత చేసి, ఒక ఆటలో ఆ 1080ని దాటించి చూపించింది. రెండూ కలిపినా 500 డాలర్ల లోపే. ఎంచుకున్న ఆట తమకు అనుకూలమైనదేననుకోండి. పెళ్లిచూపులకు పాత చొక్కా ఎవరు వేసుకెళ్తారు?

ఇక అసలు విషయం. ఆ కార్డు గుండెకాయ 232 చదరపు మిల్లీమీటర్ల చిప్. దాని మీద 570 కోట్ల ట్రాన్సిస్టర్లు. ప్రతి ట్రాన్సిస్టర్ గేటూ ఒక బుల్లి కెపాసిటరే. ఆన్ కావాలంటే చార్జి నింపాలి, ఆఫ్ కావాలంటే ఆ చార్జిని నేలపాలు చేయాలి. నింపడానికి సప్లై ఇచ్చే శక్తి చార్జి ఇంటూ వోల్టేజీ. చార్జి అంటే సీ ఇంటూ వీ. వెరసి సీవీ స్క్వేర్. అందులో కెపాసిటర్‌లో నిలిచేది సగమే, పిల్లలు బట్టీ పట్టే సగం సీవీ స్క్వేర్ అదే. మిగతా సగం నింపేటప్పుడే దారిలో వేడిగా పోతుంది. దారిలో రెసిస్టెన్స్ ఎక్కువున్నా తక్కువున్నా పోయేది సగమే. ఇరవయ్యేళ్లుగా చెబుతున్నా ఈ సంగతి నాకింకా వింతగానే ఉంటుంది. నిలిచిన సగం కూడా గేటు ఆఫ్ అవగానే వేడైపోతుంది. అంటే ఒక ఆన్, ఒక ఆఫ్ అయ్యేసరికి సీవీ స్క్వేర్ మొత్తం వేడిలో కలిసింది. సెకనుకు అలా ఎన్నిసార్లు జరుగుతుందో దానితో గుణిస్తే వాట్లు.

ఈ లెక్కలో ఆ సార్లను నిర్ణయించే క్లాక్‌ వేగం ఒక్కసారే వస్తుంది, వోల్టేజీ రెండుసార్లు వస్తుంది. కీలకమంతా అక్కడుంది. 1.15 వోల్టులున్న చోట 1.05 పెట్టారనుకుందాం. తగ్గింది పదో వంతు వోల్టే, శాతంలో తొమ్మిది కూడా లేదు. వేడి మాత్రం పదిహేడు శాతం దాకా దిగుతుంది. ఊరికే ఉన్న ట్రాన్సిస్టర్లలోంచి కారిపోయే లీకేజీ కరెంటు కూడా తగ్గుతుంది, అది అదనపు లాభం.

సరే, వేడి తగ్గింది. వేగం ఎందుకు పెరగాలి? కార్డులో ఒక కాపలాదారు ప్రోగ్రాం ఉంటుంది. సెకనులో ఎన్నోసార్లు వాట్లూ ఉష్ణోగ్రతా చూస్తూ, ఏది గీత దాటినా క్లాక్‌ని కిందికి లాగుతుంది. 480 గరిష్ఠ వేగం 1266 మెగాహెర్ట్జ్, కంపెనీ హామీ ఇచ్చేది 1120. బరువైన సన్నివేశం రాగానే ఈ రెంటి మధ్య ఎక్కడో ఊగుతుంది. తెర మీద మనకు కనిపించే కుదుపు కొన్నిసార్లు అదే. వోల్టేజీ తగ్గిస్తే అవే వాట్లలో 1266 దగ్గరే నిలబడగలుగుతుంది. చిప్‌కి కొత్త బలమేమీ రాలేదు, ఉన్న వేగం జారిపోకుండా ఆగిందంతే.

మరి కంపెనీయే ఆ పని చేసి పంపొచ్చు కదా? ఒకే సిలికాన్ వేఫర్ మీద అచ్చైన చిప్‌లు రెండు ఒకేలా ఉండవు. ఒకటి 1.03 వోల్టులకే చురుగ్గా పరిగెడుతుంది, ఇంకొకటి 1.14 ఇస్తేగాని కదలదు. లక్షల చిప్‌లను విడివిడిగా గంటల తరబడి పరీక్షించే ఓపిక ఏ కర్మాగారానికీ ఉండదు. అందుకే బడి యూనిఫారాలు కుట్టే దర్జీలాగా అందరికీ పట్టేలా వదులుగా పెట్టేస్తారు. ఆ వదులే మన వాటా.

తగ్గించడానికీ ఒక హద్దుంది. వోల్టేజీ తగ్గేకొద్దీ గేటు నిండటానికి ఎక్కువ సమయం పడుతుంది. 1266 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక టిక్కుకీ మరో టిక్కుకీ మధ్య వ్యవధి 0.79 నానోసెకన్లు. ఆపాటి సమయంలో కాంతి కూడా ఒక జానెడు దూరమే వెళ్తుంది. ఆలోగా గేటు నిండకపోతే ఒకటి రావాల్సిన చోట సున్నా వస్తుంది. తెర మీద రంగు చుక్కలు మెరుస్తాయి, లేదా తెర నల్లబడి డ్రైవర్ రీస్టార్ట్ అవుతుంది. చిప్ కాలిపోదు, పాత విలువ పెడితే మళ్లీ మామూలే.

480కి ఈ వైద్యం మరీ అవసరమైంది. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డు లాగాల్సింది 75 వాట్లు, ఆరు పిన్నుల తీగ నుంచి మరో 75. విడుదలైన రోజే విమర్శకులు మీటర్లు పెట్టి కొలిస్తే స్లాటు మీద హద్దు మించిన భారం పడుతోందని తేలింది. గొడవైంది. పది రోజులు తిరక్కుండానే ఏఎండీ కొత్త డ్రైవర్ ఇచ్చి, భారాన్ని కొంత తీగ వైపు మళ్లించింది. అది చాలదనుకునేవారికి మొత్తం వాడకాన్నే తగ్గించే మీట ఒకటి పెట్టింది. తమాషా ఏమిటంటే, వోల్టేజీ దించుకోవడానికి కావలసిన వాట్‌మ్యాన్ అనే పనిముట్టు ఈ కార్డుతోనే వచ్చింది. రోగమూ మందూ ఒకే పెట్టెలో. ఇంకో తమాషా: మొదట్లో వచ్చిన 4 జీబీ కార్డుల్లో కొన్నింటిమీద నిజానికి 8 జీబీ మెమరీ చిప్‌లే ఉన్నాయి, కార్డులోని మూల ప్రోగ్రాం బయోస్‌ని మారిస్తే మిగతా సగం మేలుకునేది!

మా ప్రాంతానికి వస్తే లెక్కలోకి ఎండ కూడా చేరుతుంది. కూలర్ అనేది గది గాలి కంటే చిప్ ఎన్ని డిగ్రీలు పైన ఉండాలో నిర్ణయిస్తుంది, అంతే. 22 డిగ్రీల ఏసీ ల్యాబ్‌లో 78 దగ్గర ఆగే చిప్, మే నెలలో శ్రీకాకుళంలో డాబా మీది గదిలో 38 డిగ్రీల గాలి పీలిస్తే ఆ పదహారూ నెత్తిన పడతాయి. ఉక్కపోత బాధ మనకే, చిప్‌కి చెమట పట్టదు. కళింగపట్నం, భావనపాడు వైపు ఇళ్లలో మరో చిక్కు: ఉప్పుతేమకి దుమ్ము తోడై కూలర్ రేకుల మధ్య అట్ట కడుతుంది. ముందు మెత్తని బ్రష్షుతో దాన్ని దులపండి, తర్వాతే వోల్టుల జోలికి వెళ్లండి.

ఏఎండీ కార్డయితే దాని సాఫ్ట్‌వేర్‌లోనే ట్యూనింగ్ పేజీ ఉంది. ఎన్విడియా కార్డుకి ఆఫ్టర్‌బర్నర్ ఉంది. అలెక్సీ నికొలాయ్‌చుక్ అనే ప్రోగ్రామర్ తన రివాట్యూనర్ పునాది మీద కట్టినది. 25 మిల్లీవోల్టుల చొప్పున దించుతూ, ప్రతిసారీ మీ దగ్గరున్న బరువైన ఆట గంటసేపు ఆడండి. చుక్కలు కనబడగానే ఒక మెట్టు పైకెక్కి ఆగిపోండి. మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే ఫ్రేములకు కూడా 60 దగ్గర కళ్లెం వేయండి, తెర చూపించలేని ఫ్రేము గీయడం వట్టి వేడి.

తర్వాతి చరిత్ర చకచకా నడిచింది. మూడు వారాలకే ఎన్విడియా 120 వాట్ల జీటీఎక్స్ 1060 దించి పోటీ బిగించింది. 2017లో అదే చిప్ 580 పేరుతో మళ్లీ వచ్చింది, కోడూరి ఇంటెల్‌కి వెళ్లిపోయాడు. 2021లో ఏఎండీ నుంచి వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్, బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసే కిటుకు. క్వాలిటీ మోడ్‌లో 1080పీ తెరకి 720పీ గీస్తే చాలు, అంటే పిక్సెళ్ల పని సగానికంటే తక్కువ. పాత 480కే కాదు, ప్రత్యర్థి 1060కి కూడా అది పనిచేసింది.

2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నాణెం గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్‌కి మంగళం పాడాక, ఈ కార్డులు గుట్టలుగా సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పడ్డాయి. మైనింగ్ చేసినవాళ్లు కరెంటు బిల్లు కోసం మనకంటే ముందే వోల్టేజీ దించేశారు. దానితో ఆగక బయోస్‌లో మెమరీ టైమింగులు కూడా మార్చారు. అలాంటి కార్డు మైనింగ్‌లో బంగారం, ఆటలో మాత్రం పది నిమిషాలకోసారి మొరాయిస్తుంది. 480, 580ల్లో చాలా మోడళ్లకు పైఅంచున చిన్న స్విచ్ ఉంటుంది, రెండు బయోస్‌ల మధ్య మారడానికి. కంప్యూటర్ ఆపేసి దాన్ని రెండో వైపుకి తిప్పి చూడండి. అవతలి బయోస్ జోలికి ఎవరూ పోకపోతే కార్డు మళ్లీ కంపెనీ విలువలతో లేస్తుంది. అప్పుడు 1.15 నుంచి మొదలుపెట్టొచ్చు.