దాహం దాచుకునేవారు

పిళ్ళైచావడికి నన్ను రప్పించినది రాజకీయం కాదు, మా మేనల్లుడు. పుదుచ్చేరికి ఉత్తరాన, చెన్నై వెళ్ళే తీర రహదారిని ఆనుకొని ఉన్న ఊరిది. 1985 నాటి పార్లమెంటు చట్టంతో వెలసిన కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనే కాలాపట్టులో ఉన్నది. ఈ ఊళ్ళోని ఇంజనీరింగ్ కళాశాల 2020లో సాంకేతిక విశ్వవిద్యాలయమైనది. మావాడు చదువుతున్నది అందులోనే.

ఎండ నిప్పులు చెరుగుతున్నది. బస్సు ఆగేచోట చేపల తట్ట దించుకొని ఒక వృద్ధురాలు కూర్చున్నది. మావాడు నన్నారి షర్బత్తు తెచ్చి నాకొక గ్లాసు ఇచ్చి, ఆమెకొకటి అందించబోగా వద్దన్నది. తన సీసాలోని నీళ్ళు నోట పోసుకొని, పుక్కిలించి ఉమ్మివేసింది. ఒక్క గుక్క మింగలేదు. అరవంలో ఆమె చెప్పినదానిని మావాడు తెలుగు చేశాడు.

"తాగితే మళ్ళీ ఎక్కడికి పోయేది అంటున్నది, మామయ్యా. సాయంత్రం ఇల్లు చేరేదాకా ఇంతేనట."

ఆ మాట విని నేను ఉలిక్కిపడ్డాను. సభలు జరిగే రోజుల్లో ప్రశ్నోత్తరాల వేళ మొదలు మధ్యాహ్నందాకా గొంతు తడుపుకోకుండా పత్రికల గ్యాలరీలో కూర్చున్నవాణ్ణి నేను. మంత్రిగారి ప్రకటన వచ్చే సమయానికి లేచిపోతే ఎట్లా? ఇరవై ఏళ్ళ ఆ దీక్షకు ఫలితంగా రెండు దవడపళ్ళు సమర్పించుకున్నాను. నోరు ఎండిపోయి ఉన్నదని గమనించి ఢిల్లీలో దంతవైద్యుడు నీళ్ళెన్ని తాగుతారని అడిగితే, నేను కాఫీల లెక్క చెప్పాను. రక్తపోటు మాత్రలలో కొన్ని కూడా నోటిని ఆరబెడతాయట. కనుక నేరమంతా గ్యాలరీ మీదనే మోపలేను.

ఎంగిలి అని మనం ఈసడించే లాలాజలమే పంటికి కాపలాదారు. ఆరోగ్యవంతుని నోట అది రోజుకు అరలీటరు మొదలు లీటరున్నర వరకు ఊరుతుంది. తిన్న తీపినుండి సూక్ష్మజీవులు పుట్టించే ఆమ్లాన్ని విరిచి, కరిగిన పంటిపొరకు కాల్షియమూ ఫాస్ఫేటూ తిరిగి అందిస్తుంది. శరీరంలో నీరు తగ్గితే ఆ ఊట సన్నగిల్లుతుంది. ముందు నోటి దుర్వాసన, తరువాత పుచ్చు. నోటితో ఆగుతుందా? తలనొప్పి, మలబద్ధకం, మూత్రపిండాలలో రాళ్ళు వరుసకడతాయి. వయసు మళ్ళినవారికి దాహం కూడా సరిగా తెలియదు.

రోజుకు ఎనిమిది గ్లాసులన్నది శిలాశాసనమేమీ కాదు. 1945లో అమెరికా ఆహార పోషణ మండలి రెండున్నర లీటర్లు అన్నప్పుడు, అందులో అధికభాగం ఆహారంలోనే ఉన్నదని కూడా అన్నది. ఆ రెండో వాక్యాన్ని లోకం మరచిపోయింది. మన చారు, మజ్జిగ, తాటిముంజలు లెక్కలోనివే. ఆమ్లమూ చక్కెరా కలిసిన రంగు సోడాలు మాత్రం పంటికి శత్రువులు.

ఏ నీరైనా సరే అనడానికీ వీలులేదు. నెల్లూరు జిల్లా గ్రామాలలో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు 1937లోనే ప్రకటించారు. నల్లగొండ సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఎండలో కష్టించి ఎక్కువ నీరు తాగినవాడే అక్కడ ఎక్కువ విషం మింగాడు. పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు ఆ నీటి సంతకాలు.

2009లో విద్యాహక్కు చట్టం సభ ముందుకు వచ్చింది. బడికి తప్పనిసరి అంటూ దాని అనుబంధంలో చేర్చిన వాటిలో మంచినీరూ, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఆనాటి నా వార్తలో వాటికి ఒక్క వాక్యమైనా దక్కలేదు. పిల్లలచేత నీళ్ళు తాగించడానికి 2019లో కేరళ బడులలో గంట కొట్టడం మొదలుపెట్టగా, కర్ణాటక, తెలంగాణలు అనుసరించాయి. గంట మోగినా ఆడపిల్ల సీసా మూత తీయకపోతే, మరుగుదొడ్డి తలుపుకు తాళం ఉన్నదేమో చూడాలి.

బస్సు వచ్చింది. తట్ట ఎత్తడానికి మావాడు సాయపడ్డాడు. ఆమె వద్దన్న షర్బత్తు కూడా నేనే తాగాను. దంతవైద్యుడు చూడలేదు కదా! పావుగంట తరువాత నాకు అవసరం పడింది. మావాడు చెయ్యి చాపి, రోడ్డు పక్కనున్న గోడ చూపించాడు. అక్కడ అప్పటికే ముగ్గురు మగవాళ్ళు నిలబడి ఉన్నారు.