పాచికలాటలో పందికొక్కులు

పిల్లలు ఆడే ఆటల గురించి మనం నలుగురం కలిసినప్పుడు మాట్లాడుకునేది ఎక్కువగా స్క్రీన్ గొడవే. ఈసారి ఆ గొడవ పక్కనబెట్టి ఎలుకల గురించి చెబుతాను. వంటింట్లో తిరిగే ఎలుకలు కావు. పందిపిల్లంత ఎలుకలు, గుంపుగా చేరితే మనిషిలా ఆలోచించే ఎలుకలు, పగలు దర్జీగా బట్టలు కుట్టి రాత్రయ్యేసరికి తోక మొలిపించుకునే ఎలుకలు. ఇవన్నీ 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటలో ఉన్నాయి. రెండేళ్ళుగా శనివారం సాయంత్రాలు మా డైనింగ్ టేబుల్ చుట్టూ ఐదుగురు పిల్లలు కూర్చుని ఆ ఆట ఆడుతున్నారు. ఆడించేది నేను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేసిన ఈ ఆట 1974లో మార్కెట్లోకి వచ్చింది. స్క్రీన్ అవసరం లేదు. కాగితం, పెన్సిలు, ఇరవై ముఖాల పాచిక ఉంటే చాలు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు కథలో పాత్రలు. హరికథ చెప్పే ఆయన మధ్యలో చిడతలు ఆపి, "ఇప్పుడు హనుమంతుడివి నువ్వే, లంకలోకి ఎలా దూరతావో చెప్పు" అని మనల్ని అడిగితే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది. పిల్లలు చెప్పిన ఉపాయం పారుతుందో లేదో పాచిక తేలుస్తుంది. కథ చెప్పేవాళ్ళను డంజియన్ మాస్టర్ అంటారు.

ఈ ఆట పేరులో డ్రాగన్లున్నా కొత్తగా చేరినవాళ్ళకు మొదట ఎదురయ్యేవి మాత్రం చాలాసార్లు ఎలుకలే. వాటిలో రకాలున్నాయి. ఒక్కో రకం పిల్లల చేత ఒక్కో రకంగా ఆలోచింపజేస్తుంది. అందుకే నాకు డ్రాగన్ల కన్నా ఎలుకలంటేనే ఇష్టం.

పుస్తకంలో ఉన్నవి

మొదటిది జెయింట్ ర్యాట్, రాక్షస ఎలుక. 1977లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్‌లో దీని పేరు పక్కన 'సుమత్రా' అని కూడా ఉంది. ఆ సుమత్రా ఎలుక షెర్లాక్ హోమ్స్ కథల్లోది. 1924లో వచ్చిన ఒక కథలో హోమ్స్ దాని ప్రస్తావన తెచ్చి, ఆ సంగతి వినడానికి లోకం ఇంకా సిద్ధంగా లేదని దాటేస్తాడు. అంతే, చదివినవాళ్ళ ఊహలో అది పెరుగుతూ పోయింది.

2014 నాటి ఐదో ఎడిషన్ లెక్క ప్రకారం ఈ ఎలుకకు ఉండేవి 7 హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం ఏడు. ఒక్క కత్తివేటుకు పోయినా పోవచ్చు. కాకపోతే దీనికో గుణం ఉంది. తన తోటిది ఒకటి మన పక్కనే ఉంటే, ఇది రెండుసార్లు పాచిక వేసి పెద్ద అంకె తీసుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టిన మంత్రగాడికి ప్రాణబలం ఏడో ఎనిమిదో ఉంటుంది. ఒక్కో కాటుకు సగటున నాలుగు పోతుంది. రెండు కాట్లకు మనవాడు కింద పడతాడు. "చిన్నవే కదా" అని విడివిడిగా పరుగెత్తిన పిల్లలు రెండో శనివారానికి వీపులు ఆనించి నిలబడటం నేర్చుకున్నారు. నేనేమీ చెప్పలేదు, ఎలుకలు చెప్పాయి.

రెండోది మామూలు ఎలుకల దండు. ఒక్క ఎలుకకు ఉండే ప్రాణబలం ఒకటే. దండును మాత్రం మొత్తంగా ఒకే జంతువుగా లెక్కపెడతారు, దానికి ఇరవైనాలుగు. సగం చచ్చాక కాటు బలం కూడా సగమవుతుంది. పెద్ద పనిని సగం చేసినా ఫలితం కనబడుతుందన్న సంగతి, హోంవర్కు ముందు కూలబడే పిల్లవాడికి ఇక్కడ చక్కగా అర్థమైంది.

మూడోది జబ్బు ఎలుక. ఇది కరిస్తే గాయాలు మానవు, రోజురోజుకూ ప్రాణబలం తరిగిపోతుంది. వైద్యం వెతుక్కుంటూ ఊరూరా తిరగాలి. కథ బాగా నడుస్తుంది గానీ ఒక్క మాట. ఆడే పిల్లల్లో ఎవరింట్లోనైనా జబ్బుపడ్డవాళ్ళు ఉంటే, ఈ ఎలుకను పుస్తకంలోనే ఉండనివ్వండి. మా బల్ల దగ్గర ఒక బాబు వాళ్ళ తాతగారు ఇండియాలో ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నేను దీన్ని బయటికి తీయలేదు.

నాలుగోది వేర్‌ర్యాట్. మనిషే, ఎలుకగా మారతాడు. పాత ఎడిషన్ నుంచీ ఉన్నాడు. మామూలు కత్తి ఇతనికి దిగదు, వెండిదో మంత్రించిందో కావాలి. మా పిల్లల దగ్గర వెండి కత్తి లేదు. పదేళ్ళ పాప ఒకతి తన పాత్ర కాలి పట్టీలు విప్పి పిడికిలికి చుట్టుకుందని చెప్పింది. ఆ ఉపాయం పుస్తకంలో లేదు, అయినా నేను ఒప్పుకోక ఏం చేస్తాను! అసలు కష్టం కొట్టడంలో లేదు, ఎవరో కనుక్కోవడంలో ఉంది. ఊళ్ళో కొత్తగా వచ్చిన దర్జీ మీద అందరూ వేలెత్తి చూపించారు, కొత్తవాడు కాబట్టి. అరగంట ఆరా తీశాక తేలింది, ఎలుక మనిషి ఆయన కాదు, ఊరి పెద్ద అని. పరాయిదేశంలో కొత్తవాళ్ళుగా బతుకుతున్న ఇళ్ళ పిల్లలు కదా, ఆ రాత్రి కారెక్కేదాకా దాని గురించే మాట్లాడుకున్నారు. ఆ దర్జీకి క్షమాపణ చెప్పాలని వాళ్ళే తీర్మానించారు.

ఐదోది క్రేనియం ర్యాట్. 1990లలో వచ్చింది. పుర్రె మీద మెదడు బయటికే కనిపిస్తుంటుంది. విడిగా ఒక్కటుంటే ఉత్త ఎలుక. గుంపుగా చేరితే తెలివి వస్తుంది, గుంపు ఇంకా పెద్దదైతే మంత్రాలు కూడా వస్తాయి. ఒకదానికి తెలిసింది అన్నింటికీ తెలుస్తుంది. మన వాట్సాప్ గ్రూపులాంటిదే అనుకోండి! వీటిని చంపడం కన్నా చెదరగొట్టడం మేలని పిల్లలు తొందరగానే కనిపెట్టారు.

బ్రిటన్లో ఉండే అక్కచెల్లెళ్ళ ఇళ్ళలో 'వార్‌హామర్' బొమ్మలు కూడా ఉండి ఉంటాయి. అందులో స్కేవెన్ అనే ఎలుక మనుషుల జాతి మొత్తం నేల కింద రాజ్యమేలుతుంది. అది వేరే ఆట, దాని కథ ఇంకోసారి.

మన మాట వాళ్ళ నోట

ఈ జాబితా మా అమ్మాయికి చదివి వినిపిస్తుంటే నాకే అనిపించింది, ఇంత పెద్ద ఎలుకల గురించి చెప్పుకుంటూ పందికొక్కును మరిచిపోతే ఎలా అని. ఇంగ్లీషులో 'బాండికూట్' అనే మాట ఉంది చూడండి, అది మన పందికొక్కే. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఆ మాటను తెలుగు నుంచే వచ్చిందని చెబుతుంది. ఆ తర్వాత ఆ పేరే ఆస్ట్రేలియాలో సంచి జాతికి చెందిన వేరే జంతువుకు తగిలించారు. పిల్లలకు తెలిసిన 'క్రాష్ బాండికూట్' ఆ ఆస్ట్రేలియా జంతువు. పేరు మాత్రం మనది.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఆ మాట విని, "అంటే దీనికి తెలుగులో స్టాట్స్ ఎవరూ రాయలేదా?" అంది. స్టాట్స్ అంటే ఆ జంతువు బలాబలాల పట్టిక. లేదన్నాను. "అమ్మమ్మ చూసిందా దీన్ని?" అంది. ఫోన్ చేసి నువ్వే అడుగు అన్నాను.

మా అమ్మ రేపల్లె దగ్గర పల్లెలో ఉంటుంది. మనవరాలితో ఆవిడ మాటలు మీ ఇంట్లో ఎలా ఉంటాయో మా ఇంట్లోనూ అంతే. తిన్నావా? తిన్నా. స్కూలు ఎలా ఉంది? బావుంది. ఇదిగో అమ్మకిస్తున్నా. రెండు నిమిషాలు. ఆ రోజు ఫోను నా చేతికి రావడానికి నలభై నిమిషాలు పట్టింది.

అమ్మమ్మ చెప్పింది, పందికొక్కును మూలకు తరిమితే వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని పందిలా గుర్రుమంటుందని. గోడ కింద నుంచి తవ్వుకొస్తుందని. కిలో దాకా తూగుతుందని. కోతల కాలంలో యానాదులు వచ్చి పొలంలో ఎలుకల్ని ఎలా పట్టేవాళ్ళో చెప్పింది. ముందు కలుగుకున్న మిగతా దారులన్నీ మూసేవాళ్ళట. కుండలో గడ్డి కుక్కి నిప్పంటించి, కుండ మూతిని కలుగుకు ఆనించి, అడుగున ఉన్న చిల్లులోంచి ఊదితే పొగంతా లోపలికి పోయేదట. తర్వాత తవ్వితే లోపల అరలు అరలుగా ఎలుకలు దాచుకున్న వరి వెన్నులు దొరికేవట. "కొండను తవ్వి ఎలుకను పట్టడం కాదే, ఎలుకను తవ్వి వడ్లు పట్టేవాళ్ళు" అంది.

నేల కింద దారులు, గదులు, కాపలా కాసే జంతువు, చివరి గదిలో నిధి. ఆటలో డంజియన్ అంటే అదే కదా! మా అమ్మాయి నోట్సు పుస్తకంలో కలుగు, గాదె, పురి, వెన్ను అన్న మాటలు తెలుగులోనే రాసుకుంది. తెలుగు బడిలో రెండేళ్ళు కూర్చోబెట్టినా ఇంత ఇష్టంగా రాయలేదు. మన పిల్లలకు ఇంట్లో తెలుగు వినిపించేది చాలావరకు తిను, లే, చదువు, పడుకో అనడానికే. ఒక పెద్దావిడ దగ్గర మాత్రమే దొరికే సంగతి ఒకటి తనకు కావాల్సి వచ్చి తెలుగులో అడగడం మా అమ్మాయికి అదే మొదలు.

మేం రాసుకున్న మూడు కొక్కులు

ఇవి పుస్తకంలోవి కావు, మా ఇంటి తయారీ. మీరూ వాడుకోండి.

కలుగు కొక్కు: జెయింట్ ర్యాట్ లెక్కలే తీసుకుని ప్రాణబలం 11 చేశాం. మట్టి గోడలోంచి తవ్వుకుని వెనకనుంచి రాగలదు. వెంట్రుకలు నిక్కించి గుర్రుమన్నప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళు పాచిక వేసి 10 తెచ్చుకోకపోతే ఒక అడుగు వెనక్కి వేయాలి. పొగబెడితే పోట్లాట లేకుండానే బయటికొస్తుంది, కానీ ముందు మిగతా దారులు మూయాలి.

గాదె కొక్కు: ఇది పంచతంత్రంలోని హిరణ్యకుడి దగ్గర తీసుకున్నది. చిన్నయసూరి నీతిచంద్రికలో మనం చదువుకున్న ఎలుకే. నిధి మీద కూర్చున్నన్నాళ్ళూ దానికి ఎక్కడలేని బలం, సన్యాసి ఆ నిధి తవ్వుకుపోగానే ఎగరలేకపోయింది. మా ఆటలోనూ అంతే. ధాన్యం మీద నిలబడ్డంతసేపూ దీన్ని కొట్టడం కష్టం. కిందున్న ధాన్యం జారిపోయేలా చేస్తే మామూలు ఎలుక. మొదటిసారి ఆడినప్పుడు మంత్రగాడి వేషంలో ఉన్న బాబు చేతుల్లోంచి మంటలు చిమ్మే మంత్రం వేశాడు. ఆటలో ఆ మంత్రానికి ఎండు గడ్డి అంటుకుంటుంది. ఊరి గాదె, ఏడాది తిండి, అంతా బూడిద. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అనే సామెత చెప్పాను. ఐదుగురూ ఒక్కసారి నవ్వారు. ఇప్పుడు ఎవరైనా తొందరపడితే, "ఒరేయ్, ఎలుక మీద కోపం!" అని వాళ్ళే అనుకుంటారు.

శాపం కొక్కు: వినాయకుడి వాహనం కథ తెలిసిందే. క్రౌంచుడనే గంధర్వుడు ముని శాపంతో కొండంత ఎలుకై, పరాశరుడి ఆశ్రమాన్ని పాడుచేస్తుంటే, గణపతి పాశం వేసి లొంగదీసి వాహనం చేసుకున్నాడు. దీన్ని కొట్టి గెలవలేరని పిల్లలకు ముందే చెబుతాను. ఎవరు శపించారో, ఎందుకో కనుక్కోవాలి, కట్టిపడేయాలి, మాట్లాడాలి. గెలిచాక అది వాళ్ళ బండి లాగుతుంది. మా పిల్లలకు అన్నింటికన్నా నచ్చింది ఇదే.

మీరు మొదలుపెట్టాలంటే

ఆట ప్రాథమిక నియమాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అన్నీ చదవక్కర్లేదు. ఒక కలుగు గీయండి, మూడు గదులు చాలు. మొదటి గదిలో రెండు ఎలుకలు, రెండో గదిలో తేల్చుకోవాల్సిన చిక్కు ఏదైనా, మూడో గదిలో నిధి. నలుగురు పిల్లలకు రెండు గంటలు పడుతుంది. మధ్యలో తినడానికి జంతికలో మురుకులో ఉంచండి, బల్ల దగ్గర నూనె చేతులతో పాచికలు జారతాయి గానీ ఫరవాలేదు. మనకు ఆట రాదేమో అన్న బెంగ అక్కర్లేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టడానికి రోజుకో కథ అల్లినవాళ్ళం.

మీరు తెలంగాణ వాళ్ళయితే అక్కడి పెద్దవాళ్ళను అడగండి, రాయలసీమ అయితే అక్కడివాళ్ళను. ఒక్కో ఊరికి ఒక్కో రకం ఎలుక, దాన్ని పట్టే ఒక్కో ఉపాయం ఉంటాయి. ఫోను మాత్రం పిల్లల చేతికే ఇవ్వండి. మా అమ్మాయి ఈ వారం అమ్మమ్మను ముంగిస గురించి అడగాలని ప్రశ్నలు రాసి పెట్టుకుంది.