ఎందరు మనుషులో అన్ని ప్రకృతులు

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని మన సామెత. మరాఠీవారు "వ్యక్తి తితక్యా ప్రకృతి" అంటారు. ఎందరు మనుషులో అన్ని ప్రకృతులని దాని అర్థము. రాజురా తాలూకాలోని మా లక్కడ్‌కోట్ వంటి వూళ్లలో ఈ రెండు సామెతలూ వినబడతాయి. 1956 వరకు ఈ తాలూకా హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో వుండేది గదా! అయితే సామెత చెప్పడము వేరు, దానిని ఇంట్లో పాటించడము వేరు. ఈ సంగతి నాకు నా కొడుకు వలన తెలిసింది.

మా అమ్మాయి గలగల మాట్లాడుతుంది. పాఠమైనా నలుగురిలో కూర్చుని పైకి చదివితేనే దానికి తలకెక్కుతుంది. దాని తమ్ముడు అట్లా కాదు. చుట్టాలు వస్తే పెరట్లోకి జారుకుంటాడు. ఒక పండుగనాడు అందరి యెదుట "వీడొక మొద్దు" అనేశాను. ఆ రాత్రి వాడు అన్నము తినలేదు. మరునాడు దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే, "అందరు ఒక్కసారే అడిగితే నాకు మాట రాదు బాపూ" అన్నాడు.

అప్పటి నుండి ఈ విషయమై దొరికినవి చదవసాగాను. మనుషుల స్వభావాలను తరగతులుగా చూడడము నేటి మాట కాదు. వాత, పిత్త, కఫ ప్రకృతులని మన ఆయుర్వేదము ఏనాడో చెప్పింది. 1921లో స్విట్జర్లండు మనోవైద్యుడు కార్ల్ యూంగ్ ఒక గ్రంథము ప్రకటించి, మనుషులలో అంతర్ముఖులు, బహిర్ముఖులు అని రెండు తీరులున్నవన్నాడు. బహిర్ముఖుని మనస్సు బయటి ప్రపంచము వైపు పరుగెత్తుతుంది. అంతర్ముఖుడు ముందు తనలో తాను ఆలోచించుకుంటాడు. తరువాత అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ ఈ భావమును పెంచి, ప్రశ్నలడిగి మనుషులను 16 తరగతులుగా విభజించే పద్ధతి తయారుచేశారు. అది 1962లో అచ్చయింది. నేటికీ పెద్ద పెద్ద కంపెనీలలో వాడుకలో వున్నది.

ఇది చదివాక నా మనస్సు తేలికపడింది. మా వాడి మౌనము మొద్దుతనము కాదు, అక్క వాగుడు పొగరూ కాదు. ఇద్దరి తీరులు వేరు, అంతే.

అయితే ఇందులో ఒక చిక్కు వున్నది. అదే మనిషి కొన్ని వారాల తరువాత మళ్లీ ఆ ప్రశ్నలకు జవాబులు వ్రాస్తే, చాలాసార్లు వేరొక తరగతిలో పడుతున్నాడట. కారణము ఊహించరానిది కాదు. పొడుగు, పొట్టి అని రెండు మాటలున్నా మనలో యెక్కువ మంది నడిమి యెత్తువారే గదా! స్వభావమూ అంతే. పూర్తిగా అంతర్ముఖుడు గాని, పూర్తిగా బహిర్ముఖుడు గాని వుండడని యూంగే అన్నాడు. అందుకే నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు తరగతులకు బదులు అయిదు గుణములను తీసుకుని, యెవరిలో యేది యెంత పాలు వున్నదో కొలుస్తున్నారు. ఈ భేదాలలో సుమారు సగము పుట్టుకతో వచ్చేదని కవలల మీద జరిగిన పరిశోధనలు తెలుపుతున్నవి.

కనుక తరగతి పేరు చూసి పిల్లలకు చదువు నిర్ణయించడము, సంబంధము కాదనడము తగదు. "నా స్వభావమింతే" అని తప్పు కప్పిపుచ్చుకోవడమూ తగదు. ఎదుటివాని భేదమును దోషమనుకోకుండా వుండడానికి మాత్రము ఈ సిద్ధాంతము పనికివస్తుంది.

ఇప్పుడు చుట్టాలు వస్తారంటే మా వాడికి ముందే చెబుతాను. వచ్చినవారికి మంచినీళ్లిచ్చి, ఇష్టమైతే కూర్చుంటాడు, లేకుంటే వెళతాడు. మొన్న వాళ్ల మేనమామ ఒక్కడే వచ్చినప్పుడు సైకిలు బాగుచేయడము గురించి అరగంట మాట్లాడాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. ఆనాడు అన్న మాటను వెనక్కు తీసుకోలేను. మళ్లీ అనకుండా మాత్రము వుండగలను.