ఇది ఆడమనిషి పని

దూడ చచ్చిపోతే గేదె పాలు చేపదు. అప్పుడు మన ఊళ్ళలో ఏం చేసేవారు? దూడ తోలులో గడ్డి కూరి, కుట్టి, గేదె ముందు పెట్టేవారు. గేదె దాన్ని నాకి చేపేది. ఇది మనకు తెలిసిన సంగతే.

పెద్ద నగరాల్లో మ్యూజియాలు ఉంటాయి. కొన్నింటిలో చనిపోయిన అడవి జంతువులను దాచి చూపిస్తారు. పూర్వం వాటిని కూడా ఇలాగే గడ్డి కూరి తయారు చేసేవారు. అద్దాల బీరువాల్లో వరసగా నిలబెట్టేవారు. కానీ ఆ జంతువు ఎక్కడ ఉంటుంది? ఎలా బతుకుతుంది? చూసినవాళ్ళకు తెలిసేది కాదు.

ఈ పద్ధతి మార్చడానికి దారి చూపినవారిలో ఒక ఆడమనిషి ఉంది. ఆమె పేరు మార్తా మాక్స్‌వెల్. అమెరికాలో కొలరాడో అనే కొండల ప్రాంతంలో ఉండేది. తుపాకి పట్టి తానే వేటాడేది. తోలు తానే తీసేది. లోపల గడ్డి కూరేది కాదు. ఇనుప కడ్డీలతో జంతువు ఆకారం కట్టి, పైన తోలు తొడిగేది. అందుకే అవి బతికున్నట్టే కనిపించేవి.

1876లో ఫిలడెల్ఫియా నగరంలో గొప్ప ప్రదర్శన జరిగింది. అక్కడ మార్తా ఒక కొండనే కట్టింది. కొండ మీద నుంచి నీళ్ళు పారేవి. ఏ జంతువు ఎక్కడ తిరుగుతుందో దాన్ని అక్కడే నిలబెట్టింది. ముందు ఒక పలక ఉండేది. దాని మీద “ఆడమనిషి పని” అని రాసి ఉంది. జనం నమ్మలేకపోయారు. ఇదంతా నిజంగా ఒక ఆడమనిషే చేసిందా అని అడిగారు.

తర్వాత కార్ల్ ఏక్లీ అనే ఆయన వచ్చాడు. 1890లో మిల్వాకీ నగరం మ్యూజియంలో నీటి ఎలుకలను వాటి గూటితో, నీళ్ళతో సహా చూపించాడు. ఆ తర్వాత నాలుగు కాలాల్లో జింకలు ఎలా బతుకుతాయో చూపించాలనుకున్నాడు. అడవి కావాలి. అసలు ఆకులైతే వాడిపోతాయి కదా! అందుకని మైనంతో వేలకొద్దీ ఆకులు చేశారు. ఆ పనిలో ఆయన భార్య డెలియా చెయ్యి ఉంది. ఆ జింకలు ఇప్పటికీ షికాగో నగరం మ్యూజియంలో ఉన్నాయి.

ఇలాంటి దృశ్యాన్ని డయోరమా అంటారు. వెనక గోడ వంపుగా ఉంటుంది. దాని మీద ఆకాశం, దూరపు కొండలు గీస్తారు. ముందు మట్టి, రాళ్ళు, చెట్లు, జంతువులు పెడతారు. నేల ఎక్కడ ఆగిందో, బొమ్మ ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు.

1936లో న్యూయార్క్‌లో ఆఫ్రికా జంతువుల హాలు తెరిచారు. దానికి ఏక్లీ పేరు పెట్టారు. మార్తా మాత్రం 1881లోనే పేదరికంలో చనిపోయింది. ఆమె చేసిన జంతువులను సరిగా కాపాడలేదు. అవి పాడైపోయాయి. ఫొటోలు మిగిలాయి.

ఆ పలక మీది రెండు మాటలు ఇప్పుడు మీరు చదివారు. మీ ఊళ్ళో ఆడవాళ్ళు చేసిన పనులు ఏమేమి ఉన్నాయి? వాటి మీద ఎవరి పేరు ఉంది? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.